కుప్పం నుంచి ఒక్క రింగు

ఒళ్లో ఎర్రగుడ్డ చుట్టిన పెట్టె పెట్టుకుని బస్సెక్కితే మనిషికి మర్యాద ఎంత పెరుగుతుందో తిరుపతి నుంచి మదనపల్లె దాకా చూశాను. పెట్టెలో ఉన్నది ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే సర్వర్. దుమ్ము పడకూడదని మా ఆవిడ పాత చీర చించి చుట్టి, పైన గట్టిగా ముడి వేసింది. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, అస్థికలనుకుందేమో, చెప్పులు విప్పి కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఎవరప్పా?" అంది మెల్లగా.

నాకు నిజం నాలుక చివరే ఉంటుంది గానీ బయటికి రావడానికి దానికి బద్ధకం. "మా మామగారండీ" అన్నాను.

"అయ్యో సామీ. కిటికీ పక్కకి జరుగు. ఆయప్ప దావ సూడాల గదా."

ఆ విధంగా భాకరాపేట ఘాట్ మలుపులన్నీ మా మామగారు కిటికీలోంచి చూశారు. నిజానికి ఆయన ఆ వేళకి తెనాలిలో అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. పీలేరులో దిగిపోతూ ఆవిడ పెట్టెకు దణ్ణం పెట్టి, "ఆలస్యం సేయొద్దు నాయనా. దావలో ఉండేటోళ్లని బిన్నా సేర్చాల" అని చెప్పి వెళ్లింది. అప్పుడు లోలోపల నవ్వుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ మాట గుర్తొస్తే నవ్వు రాలేదు.

నేను చెప్పేవాటిని మా వాళ్లు సగానికి కోసి వింటారు. మదనపల్లె, కుప్పం ఉన్న ఆ పశ్చిమ మండలాల వైపు ఎన్నడూ వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరూ కోసుకోండి, అభ్యంతరం లేదు. కాకపోతే ఏ సగం కోయాలో ఈసారి నాకే తెలియడం లేదు.

మదనపల్లె: ఎత్తకూడని ఫోను

మదనపల్లెలో బస్సు దిగగానే చలి చెవులు పట్టుకుంటుంది. రెండో అడుగులో టమాటా వాసన ముక్కు పట్టుకుంటుంది. పచ్చివి, పండినవి, కుళ్లినవి, అన్నీ కలిసిన వాసన. యార్డులో క్రేట్లు ఎంత ఎత్తున పేర్చారంటే పై వరస మీద ఉన్నవాడు కింద ఉన్నవాడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. (ఇది కోసుకోవచ్చు.)

మా దగ్గర హోటల్లో పచ్చడి అడిగితే ఆకు చివర అంటించి వెళ్లిపోతారు. ఇక్కడ రాగిసంకటి ముద్ద పక్కన ఊరిబిండి గరిటెతో కొట్టారు. వేయించిన చనిక్కాయలు, అంటే మన వేరుశనగలు, పచ్చిమిరపకాయలు కలిపి నూరిన పచ్చడి అది. మొదటి ముద్దకే మా వంశంలో పోయినవాళ్లంతా వరసగా నిలబడి కనిపించారు. నీళ్ల గ్లాసు కోసం తడుముకుంటుంటే వడ్డించేవాడు, "ఏమప్పా, మీ పక్క మిరపకాయలు పండవా?" అన్నాడు. గుంటూరు జిల్లా వాణ్ణి, ఆ మాట పడి నోరు మూసుకోవడం జీవితంలో అదే మొదలు. నోరు తెరిచే స్థితి లేదు మరి.

నన్ను పిలిపించిన మనిషి పేరు నారాయణప్ప, కూరగాయల కమీషన్ మండీ యజమాని. మదనపల్లెలో మండీ, పుంగనూరులో గోడౌను, కుప్పంలో కూరగాయలు కొనే చిన్న ఆఫీసు ఉన్నాయి ఆయనకు. పుంగనూరు, కుప్పం ఫోను లైన్లు ఎప్పుడో చచ్చిపోయాయి. మిగిలిన మదనపల్లె లైను రాగితీగ కూడా ఆ వారం చివరికి తీసేస్తామని టెలిఫోను వాళ్లు చెప్పేశారు. అందుకని కొత్త ఏర్పాటు. సర్వర్‌ని మండీ గోడకు బిగించి, మూడు చోట్లా కొత్త ఫోన్లు పెట్టి, ఇంటర్నెట్ మీద కలపడం నా పని. మండీ ఫోను నూటొకటి, పుంగనూరుది రెండొందలొకటి, కుప్పానిది మూడొందలొకటి. మూడు అంకెలు నొక్కితే ఏ ఊరి ఫోనైనా మోగాలి.

మండీలో ఫోను బల్ల దగ్గర కూర్చునేది మునెమ్మ, నారాయణప్ప తమ్ముడి భార్య. నలభై ఐదు దాటి ఉంటాయి. నేను నిచ్చెన మీద ఉండి "కాస్త ఆ వైరు అందిస్తారాండీ?" అంటే, వైరు అందిస్తూ "మీ పక్కోళ్లు 'అండీ' లేకుండా దగ్గు కూడా దగ్గరంట, నిజమేనా?" అంది. నిజమేనండీ అన్నాను. యార్డులో హమాలీలు కూడా నవ్వారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఎండ గుమ్మంలోంచి బల్ల కాలు దాకా వచ్చింది. గోడ గడియారం మూడు చూపించింది. బల్ల మీది పాత నల్ల ఫోను మోగింది. దాని పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి అలవాటు కొద్దీ చెయ్యి చాచాను. మునెమ్మ చెక్క స్కేలుతో నా మణికట్టు మీద ఒక్కటి వేసింది.

"ఎత్తగూడదు."

ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. యార్డులో అప్పటిదాకా అరుస్తున్నవాళ్లు కూడా ఎందుకో ఆగారు. మునెమ్మ గేటు వైపు చూసి, ఎవరితోనో అన్నట్టు, "బయల్దేరినాడు" అంది.

కుప్పం లైను బతికున్న రోజుల్లో ఆ మండీలో ఒక పద్ధతి ఉండేది. కుప్పంలో లారీ కదిలే ముందు డ్రైవరు అక్కణ్ణుంచి మండీకి ఒక్క రింగు ఇచ్చేవాడు. బయల్దేరినాడని అర్థం. ఎవరూ ఎత్తేవారు కాదు, ఎత్తితే కాలు బిల్లు పడుతుంది. లారీ మండీకి చేరాక ఇక్కడి నుంచి కుప్పానికి రెండు రింగులు తిరిగి ఇవ్వాలి. చేరినాడని అర్థం. కాకపోతే దానికో నియమం. ఫోను దగ్గర కూర్చునే మనిషి తానే యార్డులోకి వెళ్లి, బండి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, వేడి తగిలాకే ఆ రెండు రింగులు ఇవ్వాలి. ఎప్పుడో ఎవరో కిటికీలోంచి వేరే బండిని చూసి చేరిందని రింగిచ్చేశారట. అసలు బండి రాత్రంతా దారిలో చెడిపోయి పడి ఉందట. అప్పటి నుంచి చెయ్యి పెట్టందే చేరినట్టు కాదు.

ఆ లారీ నడిపింది మునెమ్మ భర్త శంకరప్ప. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం కుప్పంలో రింగు ఇచ్చి బయల్దేరాడు. పుంగనూరు దాటాక, గుండ్రాళ్ల గుట్ట మలుపులో బండిని పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇండికేటర్ వేశాడు. అంతే. స్టీరింగు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఊపిరాడలేదని, గుండె అని డాక్టర్లు చెప్పారు. ఆసుపత్రి నుంచి మనిషిని నేరుగా రామసముద్రం దగ్గర సొంత పల్లెకు తీసుకుపోయారు. బండిని పలమనేరు షెడ్డుకు లాక్కెళ్లి అక్కడే అమ్మేశారు. మనిషిగానీ బండిగానీ మండీ గేటు లోపలికి రాలేదు.

"కర్మలన్నీ అయినాయప్పా" అంది మునెమ్మ. "అన్నీ అయినాక ఈడికొచ్చి కూసున్న్యా. మూడు గంటలకి మోగింది. ఆ పొద్దు నుంచి దినామూ మోగతానే ఉండాది. ఆయప్ప బయల్దేరతాండాడు, సేరేది లేదు. ఇప్పుడు నువ్వొచ్చి ఈ లైను పీకేస్తే ఆయప్ప యాడికని రింగిస్తాడు? దావలోనే ఉండిపోడా?"

నేను పనివాణ్ణి. నేల తడి, ఎర్తింగు లోపం, పక్క వైరు రాపిడి, ఏదో ఒకటి ఉంటుందనుకుని మీటరు పెట్టి లైనంతా చూశాను. పసిపిల్ల గొంతులా శుభ్రంగా ఉంది. ఎవరు చేస్తున్నారో నంబరు చూపించే చిన్న పరికరం పాత ఫోనుకు తగిలించి ఉంచాను.

సాయంత్రం నారాయణప్ప నన్ను క్రేట్ల చాటుకు పిలిచాడు. "రెండేండ్లుగా ఆ యమ్మ మూడు గంటలకి ఆ కుర్చీ దిగింది లేదు సారూ. సెల్లెలి కూతురి పెండ్లికి గూడా పోలేదు. లైను పోయినాక ఏమైపోతాదో అని నాకి బయం. ఎవరో ఆడిస్తాండారు. ఈ రింగుల సంగతి తెలిసినోళ్లు పుంగనూరులో తిప్పన్న, కుప్పంలో సెల్వం, వాళ్లిద్దురే. ఎట్లాగూ పోతాండావు గదా, పట్టుకో."

పుంగనూరు: మెడ తిప్పిన ఆవు

పుంగనూరుకు బస్సులో వెళ్తుంటే గుండ్రాళ్ల గుట్ట మలుపు వచ్చింది. నేను గుర్తుపట్టకముందే డ్రైవరు హారన్ కొట్టాడు. ఎదురుగా ఏ బండీ లేదు. "యాల కొట్టినావు?" అని ముందు సీటులో ఒకాయన అడిగితే, "కొడతాములే" అన్నాడు.

తిప్పన్న గోడౌను కాపలా మనిషి. అరవై దాటిన వయసు, పెద్ద మీసం, ఎప్పుడూ నమిలే వక్క. గేటు పక్కన ఒక పుంగనూరు ఆవును కట్టేసుకున్నాడు. ఈ ఆవుల గురించి వినడమే గానీ చూడలేదు నేను. నా మోకాలికి కాస్త పైన ఉంది. దూరం నుంచి కుక్క అనుకుని బిస్కెట్ విసిరాను. అది తల పైకెత్తి నన్ను చూసిన చూపులో, ఇంత చదువుకుని నీకు ఇదేం బుద్ధి అని స్పష్టంగా ఉంది.

"పాత ఫోను ఎక్కడుంది తిప్పన్నా?" అన్నాను, పోలీసు గొంతుతో.

"నన్ను పట్టుకునేదానికి వచ్చినావా సామీ?" అని పగలబడి నవ్వాడు. "రా, వచ్చి సూడు దొంగని."

మూలనున్న బల్ల మీది ఫోనును కందిరీగలు ఆక్రమించాయి. మాట్లాడే చోట, వినే చోట, అంకెల సందుల్లో మట్టిగూళ్లు కట్టేశాయి. వైరు ఎలుక కొరికిన ముక్కగా వేలాడుతోంది. ఆ ఫోనులో ఎవరైనా మాట్లాడితే కందిరీగలే మాట్లాడాలి. తిప్పన్న మీద కేసు కొట్టేశాను. కొత్త ఫోను బిగించి మండీకి కలిపితే, మునెమ్మ గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఆవిడతో తిప్పన్న మొదటి మాట, "అమ్మా, ఈ సారు మన ఆవుకి బిస్కెట్ ఏసినాడు" అని.

తిప్పన్న భార్య పితికిపప్పు చారుతో అన్నం పెట్టింది. మా దగ్గర చిక్కుడు గింజను ఎవరూ నానబెట్టి తోలు తీసే ఓపిక చేయరు. ఇక్కడ ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పితికి పప్పు బయటికి తీస్తారు. ఆ చారు కోసం ఒక పూట బస్సు వదిలేయొచ్చు. వదిలేశాను. వదిలేయకపోతే ఈ తర్వాతది చూసేవాణ్ణి కాదు.

ఐదు దాటింది. ఎండ పసుపెక్కింది. రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. పడుకున్న ఆవు లేచి నిలబడింది. చెవులు పలమనేరు వైపుకు నిక్కించింది. ఆ వైపే చూస్తూ, తల మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. దూరం నుంచి గేటు దాకా, గేటు నుంచి మదనపల్లె వైపుకు, మెడ తిరిగినంత మేరా తిప్పి అక్కడ ఆగింది. తోక కదల్లేదు. నేను రోడ్డు మీదికి చూశాను. దుమ్ము లేవలేదు, ఆకు కదల్లేదు. కానీ ఆ తల తిరిగిన వేగం నాకు తెలుసు. అది సైకిలు వేగం కాదు, కారు వేగం కాదు. మూటలు నిండిన లారీ గేరు మార్చుకుంటూ పోయే వేగం.

ఆవు మళ్లీ పడుకుంది. తిప్పన్న వక్క ఉమ్మి, "దినామూ అంతే" అన్నాడు.

"మునెమ్మగారికి చెప్పావా?"

"యాల సెప్పేది సామీ? పుంగనూరు దాకా వచ్చినాడని తెలిస్తే ఆ యమ్మ గేటు కాడికి పోయి నిలబడతాది. ఇప్పుడు కుర్చీలో అన్నా కూసుంటాండాది."

కుప్పం: తెగిన తీగ

కుప్పంలో భాషకు సరిహద్దు లేదు. హోటలాయన నన్ను తమిళంలో అడిగాడు, నేను తెలుగులో చెప్పాను, ఆయన లోపలికి కన్నడంలో అరిచాడు. వచ్చిన దోసె మాత్రం మూడు రాష్ట్రాలకూ సరిపోయేంత ఉంది. వీధి చివర గ్రానైట్ కోసే మిషను కూస్తుంటుంది, ఆ కూత ఆగినప్పుడే బెంగళూరు రైలు కూస్తుంది. సందు దొరికినప్పుడు మనుషులు మాట్లాడుకుంటారు.

ఆఫీసు గుమస్తా సెల్వం సన్నటి మనిషి, నుదుటి నిండా విభూతి. నేను ఎందుకొచ్చానో తెలిసి ముందే చెమటలు పట్టి ఉన్నాడు.

"నేను కాదు సార్. మా అమ్మ మీద ఆన. మూడు గంటలకి నేను ఈ రూములోనే ఉండను. ఎదురు అంగట్లో టీ తాగతా ఉంటాను."

"ఎందుకు ఉండవు?"

"ఎందుకుండాల సార్?" అన్నాడు. 

శంకరప్ప రింగు ఇచ్చే ఫోను గోడ అరలో ఉంది. వైరు గోడ దగ్గరే కోసేసి ఉంది, లోపలి రాగి నల్లబడింది. అర నిండా వేలు మందం గ్రానైట్ దుమ్ము. ఫోను మీద, అంకెల మీద కూడా అంతే దుమ్ము. రిసీవరు మీద మాత్రం చెయ్యి పట్టే చోట లేదు. తుడిచినట్టు కూడా కాదు, చేతి వాడకానికి నునుపెక్కినట్టు మెరుస్తోంది. సెల్వం వైపు చూశాను. "నేను తాకలేదు సార్" అని గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

కొత్త ఫోను బిగించడం గంట పని. అది అయ్యేసరికి నారాయణప్ప నా సెల్‌కు ఫోను చేశాడు. ఇద్దరిలో ఎవరూ కాదని చెప్పాను. 

"అయితే ఒక పని సెయ్యి సారూ. రేపు సాయంత్రం లైను తీసేస్తాండారు. ఈ పొద్దే మండీ ఫోను పేరు మీద కుప్పానికి రెండు రింగులు నువ్వే ఇచ్చెయ్. ఎవరిచ్చినా రింగు రింగే గదా. పీడ పోతాది."

నాలాంటివాడికి అది చిటికెలో పని. ల్యాప్‌టాప్ తెరిచి, నూటొకటి పిలుస్తున్నట్టుగా మూడొందలొకటిని మోగించాను. రెండు రింగులు, కట్. పక్కనే బిగించిన కొత్త ఫోను బుద్ధిగా మోగి ఆగింది. అరలో పాత ఫోను అలాగే ఉంది.

మూడవుతుండగా సెల్వం టీకి వెళ్లిపోయాడు. నేను ఒక్కణ్ణే గదిలో. కొత్త ఫోనులో మండీకి కలిపి, "లైను పరీక్షండీ, అలా పట్టుకుని ఉండండి" అని మునెమ్మతో చెప్పాను. ఒక చెవికి ఆ రిసీవరు, రెండు కళ్లూ అరలోని పాత ఫోను మీద. అక్కడ యార్డు గోల వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఆ గోల ఆగింది. అక్కడ నల్ల ఫోను మోగింది. ఇక్కడ అరలో ఏమీ కదల్లేదు. రిసీవరు లేవలేదు, దుమ్ము రాలలేదు. ఏదైనా కదిలి ఉంటే బాగుండేది. కేక వేసి బయటికి పరిగెత్తడానికి కారణం దొరికేది.

ఆ రోజు ఒక్క రింగుకు ఆగలేదు. మోగుతూనే ఉంది. పిలుపులా లేదు, తలుపు బాదుతున్నట్టుంది. ఎంతసేపో మోగి తెగింది.

"ఏమన్నా సేసినావా అప్పా?" అంది మునెమ్మ.

ఆ గొంతుతో అడిగితే అబద్ధం రాలేదు. "రెండు రింగులు నేనే ఇచ్చానమ్మా. మీ బావగారు ఇమ్మన్నారు."

"బానెట్ మీద సెయ్యి పెట్టి ఇచ్చినావా?"

"లేదమ్మా."

"మరి? సేరకనే సేరినావు పో అంటే ఎవురికైనా కోపం రాదా? నువ్వు తగిలించిన పెట్టెలో నంబరు గూడా పడలే. కాళీగా ఉండాది."

అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాను. "అమ్మా, ఈ కొత్త సర్వర్లలో ఒక పద్ధతి ఉంది. ఒక ఫోను ఇంకో ఫోనుకు కబురు పంపితే, 'అందింది' అని జవాబు వచ్చేదాకా అదే కబురు మళ్లీ మళ్లీ పంపుతుంది. మొండితనం కాదు. జవాబు రాలేదు కాబట్టి కబురు పోలేదనుకుంటుంది. ఆయనకు మీ జవాబు ఒక్కసారి కూడా పోలేదు కదా."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"సూడకుండా ఎట్లిచ్చేది?" అంది.  "ఆ పాత ఫోను ఆడనే ఉండాదా? దాన్ని రేపు లోడు బండిలో పెట్టుకోని ఆయప్ప వచ్చే దావలోనే రా. నేను సెప్పినాకనే కదలాల. ఆ సెల్వంని పిలువు."

సెల్వం వచ్చి రెండు చేతులతో రిసీవరు పట్టుకున్నాడు. ఆవిడ మాట నాకూ వినిపించింది. "రేపు బండి కదలినాక ఆఫీసు తాళమేసుకోని పో. రాత్రి దాకా రావొద్దు. సాయంత్రం మోగే రింగు నీకి కాదు."

తిరుగు దావ: జరిగి కూర్చున్న చోటు

మర్నాడు మూడు దాటగానే కొత్త ఫోను మోగింది. "ఒక్క రింగే వచ్చినాది. బయల్దేరండి" అంది మునెమ్మ.

డ్రైవరు నాగరాజు శంకరప్ప దగ్గరే స్టీరింగు నేర్చుకున్నవాడు. వెనక క్యాబేజీ మూటలు, ముందు మేమిద్దరం, నా ఒళ్లో పాత ఫోను. మామూలుగా డ్రైవర్లు దొరికితే నేను వదలను. వి.కోట దాకా ఏనుగుల కథలు చెప్పాను. ఒక ఏనుగు నా సెల్‌ఫోను లాక్కుని మా ఆవిడతో మాట్లాడిందని కూడా చెప్పాను. నాగరాజు ఒక్కసారీ నవ్వలేదు. పలమనేరు దాటాక, "సారూ, రొంత గమ్మునుండు. బండి సప్పుడు వినాల" అన్నాడు. నోరు మూసుకున్నాను.

పుంగనూరులో గేటు ముందు తిప్పన్న నిలబడి ఉన్నాడు. ఆవు లేచి ఉంది. మా బండితో పాటు దాని తల తిరిగింది, దూరం నుంచి గేటుకు, గేటు నుంచి మదనపల్లె వైపుకు. అద్దంలో చూశాను. మేం ముందుకు పోతున్నా దాని కళ్లు మా మీదే ఉన్నాయి. తిప్పన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

గుండ్రాళ్ల గుట్ట మలుపులో నాగరాజు బండిని పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇండికేటర్ వేశాడు.  ఇంజను మాత్రం ఆపలేదు. ఇండికేటర్ టక్ టక్ మంటోంది. గుట్ట మీద గుండ్రాళ్లు ఎండలో ఎర్రగా ఉన్నాయి, వాటి మధ్య ఒక్క పిట్ట కూడా లేదు. నా పక్క తలుపు గట్టిగా వేసే ఉంది. బండి ఎడమ పక్కకు కాస్త వాలింది. బరువైన మనిషి ఫుట్‌బోర్డు మీద కాలు పెడితే వాలుతుందే, అలా వాలి, తిరిగి లేవలేదు.

నాగరాజు నా వైపు చూడలేదు. నేను నాగరాజు వైపు చూడలేదు. నేను మెల్లగా మధ్యకు జరిగాను. గేరు రాడ్డు మోకాళ్ల మధ్యకు వచ్చింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. బండి కదిలింది. మదనపల్లె దాకా ఆ ముప్పై కిలోమీటర్లూ గేరు మార్చినప్పుడల్లా నాగరాజు మోచెయ్యి నా పొట్టలో దిగింది. అయినా అంగుళం కూడా అటు జరగలేదు. ఒళ్లో ఫోను ఎక్కినప్పుడు చల్లగా ఉంది. గేటు చేరేసరికి రిసీవరు గోరువెచ్చగా ఉంది. ఇంజను వేడి అని రాయమంటే రాస్తాను.

మండీకి చేరేసరికి యార్డు బల్బులు అప్పుడే వెలిగాయి. మూటలు దించడానికి వచ్చిన హమాలీలు నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు. నారాయణప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. టెలిఫోను శాఖ నుంచి వచ్చిన లైన్‌మన్ గోడకు నిచ్చెన వేసుకుని ఉన్నాడు. "ఒక నిమిషం ఆగప్పా" అని నారాయణప్ప అంటే ఆగాడు.

మునెమ్మ వచ్చింది. క్యాబిన్‌లో కిటికీ పక్కన ఖాళీగా ఉన్న సీటును చూసింది, నేను మధ్యలో ఇరుక్కుని కూర్చున్న తీరు చూసింది.  ముందుకు వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. అంత దూరం లోడు మోసిన ఇంజను, నిప్పులా ఉంటుంది. పక్కన హమాలీ "అమ్మా, కాల్తాది" అన్నాడు. తియ్యలేదు. తీసినప్పుడు అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది.

లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని కొత్త ఫోనులో మూడొందలొకటి నొక్కింది. నేను ల్యాప్‌టాప్ ముందుకు పరిగెత్తాను. మోగుతోందని తెరమీద పసుపు గుర్తు వెలిగింది. ఒక రింగు. రెండు. కట్ చేయడానికి ఆవిడ వేలు మీట మీదికి పోయింది. వేలు ఆనేలోపు గుర్తు ఆకుపచ్చగా మారింది. కుప్పంలో ఫోను ఎత్తారు.

మునెమ్మ వేలు వెనక్కి తీసుకుని రిసీవరు చెవికి ఆనించుకుంది. నేను స్పీకరు నొక్కబోతే కందిన చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. నా సెల్‌లో సెల్వంకి కలిపాను. వెనక రైలు చప్పుడు. "స్టేషన్లో ఉన్నాను సార్. తాళం నా జేబులోనే ఉంది. ఎందుకు సార్?" ఫోను పెట్టేశాను.

మునెమ్మ కళ్లు మూసుకుని వింటూ కూర్చుంది. తెరమీద ఆకుపచ్చ గుర్తు అలాగే ఉంది. గుమ్మంలో నారాయణప్ప, కిటికీలో హమాలీలు, నిచ్చెన మీద లైన్‌మన్, ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి ఆవిడ రిసీవరు కింద పెట్టింది. పిల్లలు నిద్రపోయాక తలుపు దగ్గరకు వేస్తామే, అంత మెల్లగా.

"ఏం వినపడిందమ్మా?" అన్నాను.

"మాటల్లేవప్పా. ఊపిరి వినపడింది. మూట మోసుకోని మెట్లెక్కినోడికి ఆడినట్ల ఆడతా ఉండింది" అంది. "సర్దుకునేదాకా పట్టుకోని ఉండినా. సర్దుకుంది. పెట్టేసినా."

లేచి, బల్ల కిందికి వంగి, పాత నల్ల ఫోను వైరు తనే గోడలోంచి లాగేసింది. నిచ్చెన మీద ఉన్న మనిషితో, "నీ పని నువ్వు సేసుకోప్పా" అని చెప్పి, మూటలు దించించడానికి యార్డులోకి వెళ్లింది.